ఇంటి గొంతు

ఎవరికి ఏ చెవి మిషను ఇవ్వాలో తేల్చడానికి మా దగ్గర పదకొండు ప్రశ్నల కాగితం ఒకటి ఉంది. పెళ్ళిళ్ళకీ సభలకీ వెళతారా, బస్సులో పక్కవాళ్ళతో కబుర్లు చెబుతారా, టీవీ వింటారా, ఫోను ఎక్కువ వాడతారా, ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఇలా సాగుతుంది. అవునన్న జవాబులు ఆరు దాటితే ఖరీదైన రకం, దాటకపోతే మామూలు రకం. ఆ కాగితం తయారుచేసింది నేనే. పద్నాలుగేళ్ళుగా వినికిడి పరీక్షలు చేస్తున్నాను, తమ చెవుల గురించి మనుషులు చెప్పే అబద్ధాలన్నీ నాకు కంఠతా వచ్చు. అందుకే మనిషి మాట పక్కనపెట్టి కాగితాన్ని నమ్మేదాన్ని. ఒక్కసారి మాత్రం కాగితాన్ని పక్కనపెట్టి మనిషి మాటకి లొంగిపోయాను. దాని ఫలితం ఒక మనిషి మెడ మీద ఉంది. ఎవరైనా చూడొచ్చు.

విజయనగరం అవతల మూతపడ్డ జూట్ మిల్లు ఒకటుంది. ఆ మిల్లు కార్మికుల కోసం యూనియన్ ఆఫీసులో వినికిడి శిబిరం పెట్టాం. నేను లోపలికి వెళ్ళేసరికి అరవై మంది కూర్చుని ఉన్నారు, హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఏదో గొడవ జరిగి అందరూ అలిగి కూర్చున్నారనుకున్నాను. తీరా చూస్తే అందరూ మాట్లాడుకుంటున్నారు. పెదాలు కదులుతున్నాయి, చేతులు తిరుగుతున్నాయి, మధ్యమధ్య నవ్వులు. గొంతు ఒక్కటే లేదు. మగ్గాల మోతలో అరిచినా ప్రయోజనం లేదని వీళ్ళు కుర్రతనంలోనే గొంతు మానేశారు. ఎదురుగా నిలబడి పెదాలతో చెబుతారు. దాన్ని మిల్లు మాట అంటారు.

"రేగాన సన్యాసయ్యగారూ!" అని పిలిచాను. ఎవరూ కదల్లేదు. మళ్ళీ అరిచాను. అప్పుడు వెనక బల్ల మీదున్న ఒకావిడ న్యూస్‌పేపరు ముక్క చించి, ఉండచుట్టి, ముందు వరసలో ఉన్నాయన భుజం మీదికి గురిగా విసిరింది. ఆయన చటుక్కున వెనక్కి తిరిగాడు. ఆవిడ పెదాలతో ఏదో అంది. ఆయన లేచి వచ్చాడు, వెనకే ఆవిడా వచ్చింది. పేరు పైడమ్మ, ఆయన భార్య. ఆయన పదహారో ఏట మగ్గం దగ్గర చేరాడు. ఆవిడ కండెల సెక్షనులో చేసింది. పిల్లలు లేరు.

"పెళ్ళిళ్ళకి వెళతారా?" అని ప్రశ్నలు మొదలుపెట్టాను.

"ఎల్తాం. తినీసి వచ్చీస్తాం."

"అక్కడ మాటలు వినపడక ఇబ్బంది పడుతుంటారా?"

"పెళ్ళిలో ఇనాల్సిన మాటేటుంటాదమ్మా? ఇనబడకపోడమే సుకం."

"టీవీ?"

"బొమ్మ సూస్తాను."

"ఫోను?"

"మోగితే కట్టీస్తాం."

పదకొండు ప్రశ్నలకి రెండే అవునులు వచ్చాయి. ఇంతకంటే తేలిక కేసు ఉండదు. గోధుమరంగు డొప్ప ఉన్న మామూలు మిషను తీసి బల్ల మీద పెట్టాను. చుట్టూ ఉన్న చప్పుడంతా పెంచి చెవిలో పోస్తుందది, అంతకు మించి తెలివితేటలు లేవు. తర్వాత, కాగితంలో లేని ప్రశ్న ఒకటి ఊరికే అడిగాను.

"ఇంతకీ ఏం వినపడాలని మిషను కావాలంటున్నారు?"

ఆయన సిగ్గుపడ్డాడు. అరవై మూడేళ్ళ మనిషి, తువ్వాలు చేతిలో నలుపుతూ భార్య వైపు గడ్డం చూపించాడు. "దీని మాట. మనువాడి ముప్పై ఎనిమిదేళ్ళయినాది. దీని మాట సూసినాను గాని ఇన్నేదమ్మా."

"ఇని ఏటి సేస్తావు? తిట్లే కదా," అంది పైడమ్మ. ఆవిడ చెవులూ అంతంతమాత్రమే. మీకూ మిషను ఇస్తానంటే ఒప్పుకోలేదు. "ఒక ఇంటికి ఒక జత సెవులు సాల్తల్లీ," అంది.

నేను గోధుమరంగు మిషను డబ్బాలో పెట్టేసి, నల్లరంగు పెట్టె తీశాను. దాని పేరు తేట. ఇంకా బజారులోకి రాలేదు. ప్రయోగానికని మా ల్యాబులో ఇరవై జతలు మాత్రమే ఉన్నాయి. గోలలో బతికేవాళ్ళకి ఇవ్వాల్సిన వస్తువుని ఇద్దరే మనుషులున్న నిశ్శబ్దమైన ఇంటికి రాసిచ్చాను. ఆ పూట చాలా మంచిపని చేశాననుకున్నాను.

*

తేటని కనిపెట్టింది డాక్టర్ ఫణిభూషణ్. ఆయన తండ్రి చెవుడు వల్ల పదేళ్ళపాటు నిండు ఇంట్లో ఒంటరిగా బతికి కన్నుమూశాడు. ఆ దిగులే ఆయన్ని ఇంతదూరం తీసుకొచ్చింది. విశాఖలో సముద్రం వైపు కిటికీలున్న మూడో అంతస్తులో మా ల్యాబు. ఎవరొచ్చినా ఆయన ఒకే సంగతి చెప్పేవాడు. "బురదనీళ్ళలో చిల్లగింజ అరగదీసి కలిపితే ఏమవుతుంది? మడ్డి అడుక్కి పోతుంది, పైన తేటనీళ్ళు మిగులుతాయి. ఇది మాటలకి చిల్లగింజ."

సన్యాసయ్య దంపతుల్ని అద్దాల గదిలో కూర్చోబెట్టాం. ముందు పైడమ్మ గొంతు ఇరవై నిమిషాలు రికార్డు చేయాలి. మిషను దాన్ని దాచుకుంటుంది. మేము దాన్ని ఇంటి గొంతు అనేవాళ్ళం. తర్వాత ఎప్పుడైనా బస్సు మోతలోనో, కుక్కర్ ఈలలోనో ఆవిడ మాట సగం కొట్టుకుపోతే, వినబడ్డ సగాన్ని బట్టి మిగతాది ఊహించి, ఆవిడ గొంతుతోనే అతికి ఆయన చెవిలో చెబుతుంది. అతుకు కనబడదు. ఆ అతుకుల్ని మేము మరమ్మతులు అని లెక్కపెట్టేవాళ్ళం.

రికార్డింగు మొదలైంది, మీటరులో ముల్లు కదల్లేదు. చూస్తే పైడమ్మ చకచకా మాట్లాడుతోంది, పెదాలతో.

"గొంతుతోనమ్మా, గొంతుతో!" అన్నాను.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత మిల్లులో మొదటిరోజు గురించి చెప్పింది. కొత్తగా చేరిన పిల్ల, ఆ మోతకి బెదిరి ఏడుస్తూ నిలబడితే, ఎక్కడినుంచో ఒక నార ఉండ వచ్చి భుజానికి తగిలిందట. తిరిగి చూస్తే మగ్గం పక్కన ఒకడు, పెదాలతో 'ఏడకు' అంటున్నాడట. "మిల్లులో పిలవడమంటే అదేనమ్మా. నార ఉండసుట్టి ఇసరడమే. ఆ తరవాత ఈడు దినానికి పది ఉండలు ఇసిరినాడు. పని సెయ్యనిచ్చినాడా నన్ను?" గుండ్రంగా, నిండుగా ఉంది ఆ గొంతు. నలభై ఏళ్ళుగా ఎవరి చెవికీ సరిగ్గా ఎక్కకుండా ఆ గొంతు అలా వృథాగా ఉండిపోయింది కదా అనిపించి నాకు కష్టం వేసింది.

మిషను పెట్టగానే సన్యాసయ్య తల పక్కకి వాల్చి, కోడిపుంజులా ఒక్క కంటితో భార్యని చూశాడు.

"ఏటలగ సూస్తావు?" అంది ఆవిడ.

"నీ గొంతు ఇలగుంటాదా?"

"ఎలగున్నాది?"

"కంచులాగున్నాదే," అన్నాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తీయలేదు. ఫణిభూషణ్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను నిస్సిగ్గుగా ఏడ్చాను.

*

ప్రతి ఆదివారం వాళ్ళింట్లో ఒక చిన్న పరీక్ష జరగాలి. ఐదో తరగతి చదివిన పైడమ్మ మేమిచ్చిన పది వాక్యాలు చదవాలి, ఆయన విని తిరిగి చెప్పాలి. మిషను మార్కులు వేసి మాకు పంపుతుంది. చదివేవాళ్ళు వెనకాల నిలబడి చదవాలని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాం. లేకపోతే పెదాలు చూసి చెప్పేస్తారు.

వాళ్ళు ఎదురెదురుగా కూర్చునే చేశారు. మోసం చేయాలని కాదు. మిల్లు మనుషుల లెక్కలో వెనకనుంచి మాట్లాడటమంటే మాట్లాడకపోవడమే. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆవిడ ఆయన వీపుతో ఒక్క మాట కూడా చెప్పలేదు. మొదటి ఆదివారం కాగితంలో ఆ సంగతి చదివి ఆవిడ నవ్వుకుందట. చదువుకున్నవాళ్ళు ఏదో పొరపాటు రాశారనుకుని సర్దుకుందట. అప్పట్లో అది మాకు తెలియదు.

మార్కులు వందకి తొంభై ఏడు, తొంభై ఎనిమిది వచ్చేవి. మరమ్మతుల లెక్క మాత్రం పెరుగుతూ వచ్చింది. మొదటి నెల నూటికి తొమ్మిది మాటలు. తర్వాత పదిహేను, ముప్పై, నలభై ఎనిమిది. ఎనిమిదో నెలకి డెబ్భై ఒకటి. అంటే ఆవిడ పది మాటలంటే అందులో ఏడు మిషనువే.

పక్కింట్లో పిండిమర పెట్టారేమో అనుకున్నాను. ఫోను చేసి అడగొచ్చు. ఆ ఇంట్లో ఫోను మోగితే కట్టేస్తారు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బస్సెక్కితే గంటన్నర ప్రయాణం. ఎక్కలేదు.

ఫణిభూషణ్ మాత్రం ఆ అంకెలు చూసి పొంగిపోయాడు. "డెబ్భై ఒక్క శాతం మనం పూరిస్తుంటే ఆయనకి తేడానే తెలియడం లేదు, మృణాళినిగారూ! ఇంతకంటే రుజువేం కావాలి?" ఢిల్లీలో సభకి ఆ అంకెని తెర నిండా వేసి చూపించి వచ్చాడు. ల్యాబంతా మిఠాయిలు పంచాం. తర్వాత ఆ దంపతుల మీద చిన్న వీడియో తీసుకురమ్మని నన్ను పంపాడు.

*

ఉదయం పది గంటలకి మిల్లు క్వార్టర్స్‌లో వాళ్ళ తలుపు తట్టాను. పైడమ్మ తీసింది.

"రండమ్మా, రండి," అంది.

చేతిలో మిఠాయి పెట్టె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. కంకర మీద గోనెబస్తా ఈడ్చినట్టుంది ఆ గొంతు. గొంతు కూడా కాదు, ఒరుసుకుపోయిన గాలి. ఆ వీధిలో పిండిమర లేదు. కొబ్బరిమట్ట కదిలినా వినిపించేంత నిశ్శబ్దంగా ఉంది.

"ఎన్నాళ్ళయింది గొంతు ఇలా అయి?" అని అడిగాను, నా పెదాలు కనబడేలా.

"ఎలగయినాది?" అంటూ సన్యాసయ్య లోపల్నుంచి వచ్చాడు. చెవుల్లో తేట నల్లగా మెరుస్తోంది. "బాగానే ఉన్నాది కదమ్మా. కంచులాగ."

పైడమ్మ నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది. "గొంతులో నార అడ్డం పడినట్టుంటాదమ్మా. శానా నెలలయినాది. కొట్టుకాడ ఆచారి పడిశమా అనడిగినాడు. నా గొంతు నాకు తెలీదు కదా. ఈయన్నడిగినాను. మారినాదా మావా అని."

"ఆచారికి సెవుడు," అన్నాడు సన్యాసయ్య ధీమాగా. "ఈ లైన్లో అందరికీ సెవుడే. సెవులున్నోణ్ణి నానొక్కణ్ణే. మూడుపాల్లడిగినాది. మూడుపాల్లూ సెప్పినాను, బాగున్నాదని."

మూడుసార్లు అడిగింది ఆవిడ. తొమ్మిది, పదిహేను, ముప్పై, నలభై ఎనిమిది, డెబ్భై ఒకటి. ఆ ఇంట్లో చప్పుడేమీ పెరగలేదు. గొంతే తగ్గుతూ వచ్చింది. మా తేట ఆ బొంగురుని మడ్డి అనుకుని ఒడుపుగా తీసి పారబోస్తూ, ఎనిమిది నెలల కిందటి గొంతుని రోజూ ఆయన చెవిలో పోస్తూ వచ్చింది. ఆవిడ రోగం ఆ మడ్డిలోనే ఉంది.

నా ఫోనులోంచి తేట పనిని ఆపేశాను. అప్పుడది మామూలు మిషనైపోతుంది.

"పైడమ్మగారూ, ఏదైనా మాట్లాడండి."

"ఏటి మాటాడమంటావు తల్లీ?"

సన్యాసయ్య ఉలిక్కిపడి గుమ్మం వైపు చూశాడు. "ఎవులు? ఎవులది?"

"నానే మావా."

ఆయన గుమ్మాన్ని చూశాడు, నన్ను చూశాడు, చివరికి భార్య నోటిని చూశాడు. ఆ పెదాలు ఆవిడవే, కదలిక ఆవిడదే. వాటితో వస్తున్న చప్పుడు ఆయన ఎరగనిది. చెయ్యి చాచి ఆవిడ మెడ తాకాడు.

"మూడుపాల్లడిగినాదమ్మా," అన్నాడు నాతో.

*

విశాఖలో చెవి-ముక్కు-గొంతు డాక్టరు సన్నటి గొట్టంతో గొంతు లోపల చూసి, ముక్క తీసి పరీక్షకి పంపింది. వారం తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టింది. స్వరపేటికలో క్యాన్సరు.

"చుట్ట అలవాటుందా అమ్మా?"

"అడ్డపొగ తాగీదాన్ని. మానీసి పదేళ్ళయినాది," అంది పైడమ్మ. నిప్పు లోపలికి పెట్టి చుట్ట కాల్చడం ఆ ప్రాంతపు ఆడవాళ్ళ పాత అలవాటు.

"గొంతు బొంగురుపోయిన నెలలోగా వచ్చుంటే రేడియేషను, అదే కరెంటు, పెడితే మానిపోయేది," అంది డాక్టరు. "ఇప్పుడు పేటిక మొత్తం తీసెయ్యాలి. మనిషి దక్కుతుంది. మెడ దగ్గర కన్నం పెడతాం, దాంతోనే ఊపిరి. మాట మాత్రం ఉండదు."

సన్యాసయ్య చెవుల్లో ఆరోజు ఏమీ లేదు, తీసి జేబులో పెట్టుకున్నాడు. పైడమ్మ ఆయన వైపు తిరిగి పెదాలతో మొత్తం చెప్పింది. నిదానంగా, ఒక్కొక్క మాటే. తన గొంతు పోతుందన్న కబురు ఆవిడే ఆయనకి చెప్పాల్సి వచ్చింది. నేను చూడలేక నేల చూశాను.

ల్యాబుకి వెళ్ళి ఫణిభూషణ్‌కి చెప్పాను. ఆయన కుర్చీ పిడి గోకుతూ విన్నాడు. "ఆ డెబ్భై ఒకటి నేను తెర మీద వేసి చప్పట్లు కొట్టించుకున్నాను," అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ వారంలోనే మిగతా పంతొమ్మిది జతల్నీ వెనక్కి తెప్పించాడు. ఇంటి గొంతు ఏమాత్రం మారినా హెచ్చరించేలా మార్పు చేశాడు. ఢిల్లీకి జరిగింది జరిగినట్టు ఉత్తరం రాశాడు. తర్వాత ఒకరోజు నన్ను పిలిచి కళ్ళజోడు ఒకటి చూపించాడు. ఫ్రేములో కెమెరా ఉంది.

"ఇది పెదాల్ని చదువుతుంది. ఆమె పెదాలు కదిపితే చాలు, ఆయన చెవిలో ఆమె గొంతే వినిపిస్తుంది. ఇరవై నిమిషాల రికార్డు ఉంది కదా మన దగ్గర. వాళ్ళకి మనం తిరిగి ఇవ్వగలిగింది ఇదొక్కటే." ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తండ్రి కోసం చేసినట్టే చేశాడు, రాత్రీ పగలూ.

ఆపరేషనుకి నాలుగు రోజుల ముందు కళ్ళజోడూ తేటా ఉన్న పెట్టె, గోధుమరంగు మిషను పెట్టె, రెండూ పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. సన్యాసయ్య ఎదురుగా కూర్చుని, జరిగిన తప్పంతా విప్పి చెప్పాను. కాగితం ప్రకారం మీకు మామూలు మిషనే ఇవ్వాలి, మీ మాట నచ్చి నేనే పెద్దది ఇచ్చాను, అంకెలు కళ్ళముందే ఉన్నా రాలేదు, అన్నాను. క్షమించమని అడిగాను. కళ్ళజోడు సంగతీ చెప్పాను. ఆయన మంచం మీదున్న పైడమ్మ వైపు చూశాడు.

"ఈ నాలుగు దినాలూ దీనికి గొంతుంటాది కదా?" అన్నాడు.

"ఉంటుంది."

"ఆ గొంతు దేంట్లో ఇనబడతాది?"

నేను గోధుమరంగు పెట్టె చూపించాను.

"అదెట్టు."

పైడమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఒద్దు మావా. అసయ్యంగున్నాది. ఆ మంచి గొంతే ఉంచుకో."

"అది నీది కాదే. నువ్వు ఆయాసపడి నన్నడిగితే, నాసేత అబద్దమాడించినాది అది. నీది ఎలగుంటే అలగే ఇంటాను."

ఆ నాలుగు రోజులూ ఆయన మంచం పక్కనుంచి లేవలేదు. ఆవిడ కంకర గొంతుతో ఏవేవో చెబుతూనే ఉంది, అలసిపోయేదాకా. ఎవరి మీద ఎంత కోపం ఉందో, ఏ చీర ఎవరికివ్వాలో, చేపల పులుసులో ఆయన ఎప్పుడూ ఉప్పెక్కువేస్తాడని. ఆయన తల ఊపుతూ విన్నాడు. ఆపరేషను థియేటరు తలుపు దగ్గర ఆవిడ ఏమందో నాకు వినపడలేదు. ఆయనకి వినపడింది.

*

మూడు నెలల తర్వాత కళ్ళజోడూ తేటా ఉన్న పెట్టె సంచీలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అడిగింది పైడమ్మే. ఆవిడ స్వయంగా ఉత్తరం రాసింది: 'ఆ మిషను ఒకసారి తే అమ్మా. ఒక్కసారి ఆయనకి నా మంచి గొంతు వినిపించాలని ఉంది.'

ఆవిడ చిక్కింది. మెడ కింద చిన్న గొట్టం, దాని మీద పల్చటి గుడ్డ. ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వస్తోంది. నాకు టీ గ్లాసు ఇచ్చి, పక్కనున్న బుట్టలోంచి దూది ఉండ తీసి పెరట్లో ఉన్న భర్త వీపు మీదికి విసిరింది. గురి తప్పలేదు. ఆయన వచ్చాడు. ఆవిడ పెదాలతో ఏదో అంటే పెద్దగా నవ్వాడు. ఆ ఇంట్లో నిక్షేపంలాంటి చెవులున్నది నా ఒక్కదానికే, అర్థం కానిదీ నా ఒక్కదానికే.

"నాకొద్దమ్మా అది," అన్నాడు సన్యాసయ్య పెట్టె చూసి. పైడమ్మ ఆయన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. ఆ పెదాలు ఏమన్నాయో అప్పుడు మాత్రం నాకూ తెలిసింది. ఒక్కసారి, నా కోసం.

మామూలు మిషను తీసి, నల్లవి పెట్టుకున్నాడు. కళ్ళజోడు నేను సరిచేశాను. ఆవిడ పెదాలు కదిపింది. ఆయన మొహం చూస్తుండగానే మారిపోయింది. మొదటిరోజు అద్దాల గదిలో ఉన్న మొహమే అది. తల పక్కకి వాల్చి, కళ్ళు అరమూసి, "కంచులాగే," అన్నాడు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళతో ఇంకా ఇంకా చెబుతోంది. ఆయన వింటున్నాడు. ఫణిభూషణ్ చూసుంటే బాగుండునని, మేము చేసిన పాపంలో కాస్తయినా తీరిందని అనుకున్నాను.

అంతలో ఈల ఆగింది. దాని బదులు గరగర మొదలైంది. గొట్టంలో కఫం అడ్డుపడింది. ఆవిడ మాట్లాడే ఆవేశంలో చూసుకోలేదు, పెదాలు కదులుతూనే ఉన్నాయి. గరగర పెరిగింది. నేను కూర్చున్నచోటికే గట్టిగా వినిపిస్తోంది. రెండడుగుల దూరంలో ఉన్న ఆయన హాయిగా నవ్వుతున్నాడు. తేట ఆ గరగరని మడ్డిగా లెక్కకట్టి శుభ్రంగా తుడిచేసింది. పెదాలు మాట్లాడుతున్నాయి గనక గొంతు వినిపిస్తోంది.

పైడమ్మ చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. మొహం కమిలింది. నేను అరుస్తూ లేచేలోపే ఆవిడ ఆయన చెవిలోంచి నల్లమిషను పీకి కింద పడేసింది. కళ్ళజోడు తోసేసింది.

ఆయనకి అర్థమైంది. గుడ్డ తీసి, గొట్టం విప్పి, తడిపిన పలుచటి బట్టతో మెడలో కన్నం శుభ్రం చేసి, గొట్టం కడిగి మళ్ళీ పెట్టాడు. చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. మగ్గం మీద తెగిన నూలు అతికిన చేతులు. ఈల మళ్ళీ వచ్చింది. అప్పుడు గాని ఆయన ఆవిడ పక్కన కూర్చోలేదు.

గోధుమరంగు మిషను తీసుకుని ఆవిడే ఆయన చెవులకి పెట్టింది. నల్లవి ఏరి, తన పమిట కొంగుతో తుడిచి, పెట్టెలో సర్ది, మూత వేసి నా ఒడిలో పెట్టింది. కోపంగా కాదు, పండుగకి అడిగి తెచ్చుకున్న నగ తిరిగి ఇచ్చేసినట్టు ఇచ్చింది.

"రాత్రిపూట కూడా తియ్యనమ్మా ఇది," అన్నాడు సన్యాసయ్య చెవి తాకుతూ. "ఈల మారితే లేచీస్తాను. దినానికి రెండు మూడుపాల్లు మారతాది."

నా సంచీలో పదకొండు ప్రశ్నల కాగితం ఉంది. ప్రయోగం ముగించాలంటే అది మళ్ళీ నింపాలి. పెళ్ళిళ్ళూ, బస్సులూ, టీవీ, ఫోను, అన్నీ అడిగాను. మళ్ళీ రెండే అవునులు వచ్చాయి. మొదటిరోజు అడిగిన, కాగితంలో లేని ప్రశ్న కూడా అడిగాను.

"ఏం వినపడాలని మిషను కావాలి?"

ఈసారి ఆయన సిగ్గుపడలేదు. "దీని ఊపిరి," అన్నాడు.

కాగితం అడుగున ఆ రెండు మాటలూ రాశాను. మామూలు రకం అన్నచోట టిక్కు పెట్టాను. అక్షరాలు అలుక్కుపోయాయి, కాగితం తడిసింది. తల వంచుకుని సంచీ సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళాను. వీపు మీద మెత్తగా ఏదో తగిలింది. కిందికి చూస్తే దూది ఉండ.

వెనక్కి తిరిగాను. పైడమ్మ నావైపే చూస్తూ పెదాలు కదిపింది. నాకోసం నెమ్మదిగా, విడివిడిగా. ఆయన్ని అడగక్కర్లేకపోయింది.

టీ సల్లారిపోనాది, తాగీసి ఎల్లు, అంది.

సంచీ దింపి, వెళ్ళి కూర్చున్నాను.